మావయ్య తెచ్చిన గ్రీకు మాట

గ్రీకు భాషలో నాకు తెలిసింది ఒకే ఒక్క మాట. నా చిన్నప్పుడు, భవానీపురంలోని మా ఇంట్లో, పొద్దున లేస్తే ఆ మాటే వినపడేది. దాన్ని తెచ్చింది మా మావయ్య, అమ్మకి తమ్ముడు. గ్రీకువాళ్ల సరుకుల ఓడలో కొన్నేళ్లు పనిచేసి, మానేసి వచ్చి మా ఇంట్లోనే ఉండేవాడు.

కరెంటు పోయినా, పాలు పొంగిపోయినా, ఆరేసిన బట్టలు వానకి తడిసినా మావయ్య ఒక భుజం ఎగరేసి "దె వర్యేసే" అనేవాడు. పోనిద్దూ, దానికోసం మనసు కష్టపెట్టుకోవడం ఎందుకు, అని దాని అర్థమట. ఓడలో వంటచేసే గ్రీకు పెద్దాయన నేర్పాడట. మావయ్య ఇంటిమీద బెంగతో అన్నం తినకుండా కూర్చుంటే, ఆయన పక్కన చేరి వీపు నిమురుతూ ఆ మాటే అనేవాడట.

మాకందరికీ అది పట్టుబడింది. లెక్కల్లో మార్కులు తగ్గినప్పుడు అన్నయ్య అదే అని నాన్న చేత తిట్లు తిన్నాడు. అందరికంటే ఎక్కువగా వాడింది మాత్రం అమ్మ.

ఒక వేసవిలో అమ్మ బాగా చిక్కిపోయింది. అస్తమానం దాహమనేది. పని మధ్యలో కూలబడేది. ఏమైందని నాన్న అడిగితే, తమ్ముడిలాగే భుజం ఎగరేసి ఆ మాట అనేది. నాన్న నవ్వేవారు, మేమూ నవ్వేవాళ్లం. అడగడం అక్కడితో అయిపోయేది.

ఒక మధ్యాహ్నం అమ్మ అందరికీ వడ్డిస్తుంటే, ఆమె నడిచినచోటల్లా గచ్చు మీద తడి మరకలు కనిపించాయి. నేనే చూసి చెప్పాను. మావయ్య కంచం ముందునుంచి లేచి, అమ్మని పీట మీద కూర్చోబెట్టి పాదం ఎత్తి చూశాడు. వేళ్ల కింద పెద్ద పుండు, రసి కారుతోంది. ఎప్పుడో పొయ్యిలోంచి పడ్డ నిప్పు తొక్కినట్టున్నానంది అమ్మ.

"నొప్పేం లేదురా. దె వర్యేసే," అంటూ కాలు వెనక్కి తీసుకోబోయింది.

మావయ్య వదల్లేదు.

"ఇంత పుండుంటే నొప్పి లేకపోవడమేంటక్కా?"

అమ్మ నవ్వబోయి ఆగిపోయింది. అప్పుడు మావయ్య మాకెప్పుడూ చెప్పని సంగతి చెప్పాడు. ఆ వంటాయన కొన్నాళ్లు కడుపు పట్టుకుని తిరిగాడట. ఎవరడిగినా భుజం ఎగరేసేవాడట. రేవులో ఓడ ఆగినప్పుడు కూడా డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. చివరికి నడిసముద్రంలో పోయాడు. ఒడ్డు చాలా దూరం కావడంతో గుడ్డలో చుట్టి నీళ్లలోకి వదిలారు.

"నేను బెంగపడుతుంటే నాకోసం అన్నాడక్కా ఆ మాట. ఎంతో ధైర్యంగా ఉండేది. తన నొప్పికీ అదే అన్నాడు. మేం నమ్మేశాం. నువ్వనకు."

ఎవరి కంచంలో అన్నం వాళ్ల కంచంలోనే ఉండిపోయింది. రిక్షా పిలిచి అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్లాం. షుగరు జబ్బట, చాలా ముదిరిందట, అందుకే కాలికి స్పర్శ పోయిందట. వార్డు బయట బల్ల మీద మావయ్య పక్కన కూర్చుని, అమ్మ మళ్లీ నడుస్తుందా అని అడిగాను. పోనిద్దూ అంటాడేమోనని ఎదురుచూశాను. అలా అంటే బాగుండునని కూడా అనిపించింది.

"తెలీదమ్మా," అన్నాడు, నా చెయ్యి పట్టుకుని.

రెండు వేళ్లు తీసేశారు. పాదం దక్కింది. అమ్మ బతికున్నన్నాళ్లూ ఆ కాలు కొంచెం ఈడుస్తూనే నడిచింది. కరెంటు పోతే మావయ్య మళ్లీ ఆ మాట అనేవాడు. ఒంట్లో బాగాలేదని ఎవరైనా చెబితే మాత్రం అనేవాడు కాదు.

ఇప్పుడు మా మనవరాలు కాలేజీ నుంచి మొహం వేలాడేసుకుని వస్తుంది. ఏంటే అంటే, "లైట్ తీస్కో అమ్మమ్మా" అంటుంది. సరేనని వెళ్లిపోను. దాని పక్కనే కూర్చుని కాసేపాగి మళ్లీ అడుగుతాను. ఒక్కోసారి విసుక్కుంటుంది. ఒక్కోసారి చెబుతుంది. మా అమ్మని మేమెవ్వరం రెండోసారి అడగలేదు.