సార్ పక్కన నిలబడ్డ కోడి

మా సోషల్ సార్ పోయారన్న కబురు పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో చూశాను. మా పదో తరగతి వాళ్ళ గ్రూపు అది. పుట్టినరోజు కేకులూ, గుడ్ మార్నింగ్ పువ్వులూ తప్ప ఇంకేమీ రాని చోట వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు కనిపించేసరికి ఎవరికో ఏదో అయిందని అర్థమైంది. పైకి జరిపి చూస్తే సార్ వాళ్ళ అమ్మాయి, మేమంతా అక్క అని పిలిచే ఆవిడ, రాసిన నాలుగు ముక్కలు ఉన్నాయి. నిద్రలోనే పోయారట. కింద ఒక ఫోటో పెట్టి, "నాన్నకు చాలా ఇష్టమైన ఫోటో ఇది" అని రాసింది అక్క.

ఆ ఫోటోలో సార్ తెల్ల చొక్కా టక్ చేసుకుని, అక్క కొనిపెట్టిన టోపీ పెట్టుకుని, మాంట్రియల్‌లో ఒక పెద్ద వీధిలో నిలబడి నవ్వుతున్నారు. పక్కన మనిషంత ఎత్తున పసుపుపచ్చ కోడి ఒకటి. గిరాకీ కోసం చికెన్ హోటల్ వాళ్ళు గుమ్మం ముందు నిలబెట్టే వేషం అది. ఆ కోడి చేతులు కట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి ఉంది.

ఆ కోడి లోపల ఉన్నది నేను. గ్రూపులో ఈ సంగతి ఎవరికీ తెలియదు. సార్‌కు తెలుసా లేదా అన్నది మాత్రం ఆ రోజు నుంచీ నన్ను తొలుస్తూనే ఉంది. ఇక అడుగుదామన్నా ఆయన లేరు.

మా ఊరి హైస్కూల్లో సార్ సోషల్ చెప్పేవారు. ఆయన పాఠమంటే సగం పుస్తకం, సగం మ్యాపు. బల్ల మీద మ్యాపు పరిచి, ఒక్కొక్కర్నీ లేపి, "నైలు నది యాడున్నది? చూపెట్టు" అనేవారు. లేచినవాడు చేతులు కట్టుకుని నిలబడాలి. ఎవరూ చెప్పిన నియమం కాదది. పెద్దవాళ్ళ ముందు మా చేతులు వాటంతటవే కట్టుకునేవి. జవాబు వచ్చినా రాకపోయినా సార్ ఎక్కువసేపు నిలబెట్టేవారు కాదు. భుజం మీద చెయ్యి వేసి, "కూసో బిడ్డా" అనేవారు. ఆ మాట వింటే మార్కులు పడ్డంత హాయిగా ఉండేది.

నాకు ఇంకో అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే భయానికి ఒక కాలెత్తి రెండోకాలి పిక్కకు రుద్దుకునేవాణ్ణి. సార్ నాకు కొంగ అని పేరు పెట్టారు. "మన కొంగను లేపున్రి, చేపను పట్టుకొస్తడు" అనేవారు. నిజంగానే పట్టుకొచ్చేవాణ్ణి. మ్యాపు పాయింటింగులో నన్ను మించినవాడు లేడు. స్కూల్ ఫస్ట్ కూడా నేనే వచ్చాను. క్లాసులో ఎవరైనా తెలియకుండా తెలిసినట్టు తల ఊపితే సార్‌కు ఒళ్ళు మండేది. "తెల్వకపోతే సిగ్గు లేదు బిడ్డా. తెల్సినట్టు నిలబడుడే సిగ్గు" అనేవారు. ఆ మాట మిగతావాళ్ళకని నేను అనుకునేవాణ్ణి, ఫస్ట్ ర్యాంకర్‌ని కదా.

తర్వాత మా ఈడు వాళ్ళందరికీ కెనడా గాలి తగిలింది. ఏ బస్టాండులో చూసినా కన్సల్టెన్సీ బోర్డులే. నేనూ అప్లై చేశాను, వీసా వచ్చింది, మాంట్రియల్ వచ్చిపడ్డాను. నా కాలేజీ అంటే ఒక మందుల షాపు పైన రెండు గదులు. ఆ ఫోటో గ్రూపులో ఎలా పెడతాను? మెట్రోలో వెళ్ళి ఒక పెద్ద యూనివర్సిటీ మెట్ల మీద నిలబడి ఫోటో దిగి పెట్టాను. సార్ వెంటనే వాయిస్ మెసేజ్ పంపారు. "శభాష్ కొంగా! బోర్డు మీద నేను జూపిచ్చిన ఊర్ల నువ్వు నిలబడ్డవు." గ్రూపంతా చప్పట్లు కొట్టింది. నేను ఆ చప్పట్లు తీసుకుని జేబులో వేసుకున్నాను.

ఆ రోజుల్లో పార్ట్ టైమ్ పని దొరకడమంటే దేవుడు కనిపించడమే. ఒక కొట్టులో కుర్రాడు కావాలని కాగితం అంటిస్తే వీధి మలుపు దాకా లైను ఉండేది, లైనంతా మనవాళ్ళే. నాకు దొరికింది కోడి వేషం. ఫ్రెంచి రాదు కాబట్టి మాట్లాడనక్కర్లేని పనే మేలనుకున్నాను. వేషం వేసుకుని ఊగుతూ, దారిన పోయేవాళ్ళకు కూపన్లు ఇవ్వాలి. ముక్కు కింద జల్లెడలాంటి గుడ్డ ఉంటుంది, అందులోంచి లోకం కనిపిస్తుంది. లోకానికి మనం కనిపించం. అబద్ధమెందుకు, నాకు ఆ పనిలో నచ్చింది అదొక్కటే.

అలాంటప్పుడు ఒక వేసవిలో సార్ గ్రూపులో పిడుగు వేశారు. "మీ అక్కకు మాంట్రియల్‌ల ఉద్యోగమొచ్చింది. నేను గూడ వస్తున్న, ఊరు జూసిపోత. కొంగా, కలుద్దాం బిడ్డా." కలిస్తే కాలేజీ ఏదని అడుగుతారు, ఏం పని చేస్తున్నావని అడుగుతారు. "అయ్యో సార్, కో-ఆప్ ట్రైనింగ్ కోసం హామిల్టన్ వచ్చేశాను" అని రాసేశాను. నోటికొచ్చిన మొదటి దూరపు ఊరది. సార్ మంచిదన్నారు. ఆ మంచిదన్న మాటకు తలకొట్టేసినట్టయింది.

సార్ వచ్చారు. రోజూ వాయిస్‌లు. ఊరు చూస్తున్నది ఆయన, చూపిస్తున్నది గ్రూపంతటికీ. ఆ ఊళ్ళో ఏడాదిగా ఉంటున్న నేను చూడనివన్నీ ఆయన వారంలో చూశారు.

"బిడ్డా, ఈడ మెట్లు ఇంటి బయట ఉన్నయి. ఇనుప మెట్లు, జిలేబీ లెక్క మెలికలు తిరిగి. మంచు పడే ఊర్ల మెట్లు బయటెందుకు పెట్టిన్రో ఎవ్వర్నడిగినా నవ్వుతున్నరు గని చెప్తలేరు."

"పార్కుల జనం గడ్డి మీద సగం బట్టలతోని పండుకున్నరు. ముందు తల తిప్పుకున్న. మల్ల అనుకున్న, సగం ఏడాది తలుపులేసుకొని ఉండేటోళ్ళు, ఎండను పండుగ లెక్క చేసుకుంటున్నరు. మనం ఎండను తిట్టుడే గని ఎన్నడు దండం పెట్టినం?"

"బస్సు దిగేటోళ్ళు డ్రైవర్‌కు మెర్సీ, అంటే థాంక్స్, అని చెప్పి దిగుతున్నరు. నేను గూడ చెప్పిన. మన ఊర్ల గిన్నేండ్లు ఆర్టీసీల తిరిగిన, ఒక్క డ్రైవర్‌కన్న మంచిమాట చెప్పలె. సిగ్గైంది నాకు."

నదిని చూసిన రోజు గొంతు వేరేగా ఉంది. "సెయింట్ లారెన్స్ జూసిన. బోర్డు మీద నీలం సుద్దతోని సన్నగ గీసేటోన్ని, యాదికున్నదా? ఇది సముద్రం లెక్కున్నది. చూడనిదాన్ని చూసినట్టు చెప్పిన మీకు. ఏమనుకోకున్రి."

అంత పెద్దాయన, ఇంతమంది శిష్యుల ముందు, సిగ్గైందనీ ఏమనుకోవద్దనీ ఎంత తేలిగ్గా అనగలిగారు! నేను ఆ వాయిస్‌లు హోటల్ వెనక, కోడి తలకాయ ఒళ్ళో పెట్టుకుని, చెమట తుడుచుకుంటూ వినేవాణ్ణి. విని ఒక లవ్ గుర్తు కొట్టి మళ్ళీ తలకాయ పెట్టుకునేవాణ్ణి. హామిల్టన్‌లో ఉన్నవాడు అంతకంటే ఏం చెయ్యగలడు?

ఒక శనివారం మధ్యాహ్నం. ఎండ మండిపోతోంది. కూపన్లు ఇస్తున్నాను. జల్లెడ గుడ్డలోంచి ముందు తెల్ల చొక్కా కనిపించింది, తర్వాత ఆ నడక. చేతులు వెనక్కి కట్టుకుని, క్లాసులో బల్లల మధ్య నడిచినట్టు నడుస్తూ, అంగళ్ళ బోర్డులన్నీ కూడబలుక్కుంటూ వస్తున్నారు. వెనక అక్క ఉంది. పారిపోదామంటే కాళ్ళకు కోడిపంజాలు. సార్ తిన్నగా నా దగ్గరికే వచ్చి ఆగి, పిల్లాడిలా నవ్వారు.

"ఫోటో?" అన్నారు ఇంగ్లీషులో, "వన్ ఫోటో, ప్లీజ్?"

నేను తల ఊపాను. సార్ వచ్చి పక్కన నిలబడ్డారు. ఆయన వాడే కొబ్బరినూనె వాసన లోపలికి వచ్చింది. అంతే, నా చేతులు నా మాట వినలేదు. రెక్కలతో సహా ఛాతీ మీద కట్టుకుపోయాయి. సార్ ఇంకా దగ్గరగా జరిగితే నా మోచెయ్యి ఆయన భుజానికి ఆనుకుంది. ఒక పంజా ఎప్పుడు పైకి లేచి రెండో కాలిని రుద్దిందో నాకు తెలియదు. ఫోన్ పట్టుకున్న అక్క పకపకా నవ్వింది. "నాన్నా, చూడు, అదీ నీకు చేతులు కట్టుకుంది!"

సార్ తిరిగి చూశారు. చేతులు చూశారు. కాలు చూశారు. నవ్వడం మానేశారు. ఒక్కమాట, "సార్" అంటే చాలు. స్కూల్ ఫస్ట్ వచ్చినవాడు కోడి కడుపులో ఉన్నాడని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

సార్ నా భుజం మీద, ఈకల మీద, చెయ్యి వేశారు.

"ఎండ బాగ కొడుతున్నది. నీడకు పోయి కూసో బిడ్డా."

తెలుగులోనే అన్నారు. అని, అక్క వెంట వెళ్ళిపోయారు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఎవరు చేతులు కట్టుకున్నా ఆయనకు ఆ మాట అలవాటు, అంతే అయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. సాయంత్రం ఫోటో గ్రూపులోకి వచ్చింది. దాని కింద సార్ ఒక్క ముక్క రాయలేదు. మెట్ల గురించీ బస్సు గురించీ అంత చెప్పిన మనిషి కోడి గురించి ఏమీ చెప్పలేదు. అందరూ నవ్వుల బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను. ఆ నవ్వు బొమ్మ తలుచుకుంటే ఇప్పటికీ ఒంటి మీద తేళ్ళు పాకినట్టుంటుంది.

మా క్లాస్ లీడర్ శ్రీను ఊరుకోడు కదా, "సార్, మన కొంగ ఆడ్నే హామిల్టన్‌ల ఉన్నడు గద, కలుస్తలేరా?" అని అడిగాడు.

సార్ వాయిస్ వచ్చింది. "వాడు పనిల ఉన్నడు. పని జేసేటోన్ని ఆపొద్దు."

సార్ ఊరికి వెళ్ళిపోయారు. నా చదువు అయింది, వర్క్ పర్మిట్ వచ్చింది, విచిత్రంగా ఉద్యోగం హామిల్టన్‌లోనే దొరికింది. అబద్ధమాడిన ఊరికే వచ్చి కాపురం పెట్టాను. ఇప్పుడు నాకు చెప్పుకోదగ్గ పని ఉంది. ఫోన్ చేసి, "సార్, ఆ రోజు అది నేనే" అంటే ఏం పోయేది? వచ్చే పండుగకు చేద్దాం, ప్రమోషన్ వచ్చాక చేద్దాం అనుకుంటూ ఉండిపోయాను. మంచి ఉద్యోగం వస్తే సిగ్గు పోతుందనుకున్నాను. పోలేదు. వేషం వేసినందుకు పడ్డ సిగ్గు ఎప్పుడో పోయింది, దాక్కున్నందుకు పడ్డ సిగ్గు మిగిలిపోయింది.

సార్ పోయాక స్కూల్లో సంతాపసభ పెడదామన్నారు. శ్రీనుకు ఫ్లెక్సీల షాపు ఉంది. సార్ నిండుగా నవ్వుతున్న ఫోటో ఇదొక్కటేనట. "కోడి పక్కన పెడితే జనం నవ్వుతరు, దాన్ని లేపేస్తున్న" అని గ్రూపులో రాశాడు. దానికి అక్క జవాబు రాసింది.

"నీ ఇష్టం శ్రీనూ. కానీ నాన్న ఇంటికెవరొచ్చినా ఈ ఫోటో చూపించి 'మా స్టూడెంట్‌తో దిగిన' అనేవారు. జోక్ అనుకునేవాళ్ళం. చివరిదాకా అలాగే అన్నారు. ఎందుకో మాకూ తెలీదు."

"సార్ కామెడీ ఎవ్వరికి రాదక్కా" అని శ్రీను కన్నీళ్ళ బొమ్మ పెట్టాడు. నేను ఫోన్ బల్ల మీద బోర్లించాను. ఆయనకు తెలుసు. తెలిసీ నన్ను ఆపలేదు, పిలవలేదు, పదిమందిలో పెట్టలేదు. నేను సిగ్గుపడి దాచుకున్నదాన్ని ఆయన ఇంటికొచ్చినవాళ్ళందరికీ గర్వంగా చూపించుకున్నారు. వంటగదిలో నేల మీద కూర్చుని ఏడ్చాను.

సభ వాళ్ళకు సాయంత్రం, నాకు పొద్దున. ఫోన్‌ను రైస్ కుక్కర్‌కు ఆనించి వీడియో కాల్‌లో చేరాను. అక్క కూడా మాంట్రియల్ నుంచి చేరింది. శ్రీను తన ఫోన్ ఫ్లెక్సీ వైపు తిప్పాడు. మా పాత క్లాసు గోడకు సార్ నవ్వుతున్నారు. పక్కన కోడి లేదు. ఆయన భుజం మీద మాత్రం పసుపుపచ్చగా ఏదో ఉంది.

"అదేంది, బంతిపూల దండనా?" అని ఇప్పటి హెడ్‌మిస్ట్రెస్ అడగడం వినిపించింది.

"కాదు మేడం, ఆ కోడి చెయ్యి. చొక్కా మీదికొచ్చింది, ఎంత జేసినా పోతలేదు" అన్నాడు శ్రీను. తర్వాత మైకు తీసుకుని, "కెనడా నుంచి మన ఫస్ట్ ర్యాంకర్ రెండు ముక్కలు మాట్లాడుతడు" అన్నాడు.

లేచాను. సార్ నీళ్ళలాంటివారనీ దీపంలాంటివారనీ రాత్రే సిద్ధం చేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"శ్రీనూ, ఆ మోచెయ్యి నాదిరా" అన్నాను.

"ఏందిరా?"

"ఆ కోడిల ఉన్నది నేను. అప్పుడు హామిల్టన్‌ల లేను. సార్ పక్కనే నిలబడ్డ. సార్ గుర్తుపట్టిండు. నేనే పలకలె."

క్లాసులో ఎవరూ నవ్వలేదు. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. శ్రీను చేతిలో ఫోన్ ఫ్లెక్సీ వైపే ఉండిపోయింది. సార్ భుజం మీద పసుపుపచ్చ మోచెయ్యి, ఆయన నవ్వు.

చెప్పడం అయిపోయింది. తెర మూలన చిన్న గడిలో నేను కనిపిస్తున్నాను. వంటగదిలో, చేతులు కట్టుకుని, ఒంటికాలి మీద. కాలు దింపాలని తెలుసు, కూర్చోవచ్చనీ తెలుసు. అయినా నిలబడే ఉన్నాను. కూసో బిడ్డా అనే మనిషి లేడు.