పెద్దవ్వ పడ్డ నొప్పులు

పోలీసు చర్యకు ముందు మెదకు పట్నం పగలే తలుపులు బిగించుకునే ఆ రోజుల్లో, అందరూ ప్రాణాలు ఎలా దక్కించుకోవాలా అని ఆలోచిస్తుంటే నేను మాత్రం మంత్రసానిని ఎలా కావాలా అని కలలు కనేదాన్ని. (పదిహేడేళ్ల బుర్రకు అంతకంటే పెద్ద చింత పట్టదు.) అప్పటికి నా కొలువు మంచాన పడ్డ పెద్దవ్వకు సేవ చేయడం: ఒళ్లు తుడవడం, జావ తాగించడం, తిట్లు వినడం. వీలు చిక్కినప్పుడల్లా దవాఖానకు పరుగెత్తి, పని నేర్పమని కళ్లద్దాల నర్సమ్మను బతిమాలేదాన్ని. "పిల్లను కన్నదానివి గావు, కానుపు చూసినదానివి గావు. నిన్ను జూస్తే పురిటోళ్లు ఉరుకుతరు, పో!" అనేది ఆవిడ.

ఒక మధ్యాహ్నం పెద్దవ్వ మనవడు అల్లాదుర్గం నుంచి రొప్పుతూ వచ్చి, జొన్నలు పోసే గుమ్మిలో దూరాడు. సర్కారుకు ఎదురు తిరిగిన సంఘంలో తిరుగుతున్నాడని అతణ్ణి వెతుకుతున్నారు. వెనకాలే తుపాకీ మనుషులు వచ్చి తలుపు బాదారు. నేను వెళ్లి గుమ్మికి అడ్డంగా నిలబడ్డాను. పెద్దవ్వ మాత్రం దుప్పటి ముసుగేసుకుని, "పరదా గుంజు. నేను నొప్పులు పడుత. నువ్వే మంత్రసానివి" అంది.

"నీకు డెబ్బై ఏండ్లు గదనే అవ్వా!"

"దుప్పటి మీద రాసున్నదా?" అని ఒక్క కేక పెట్టింది. ఆ కేకకు మా పిల్లి గోడ దూకి పారిపోయింది.

నేను తలుపు తీసి, "లోపట కానుపైతుంది, మొగోళ్లు రావద్దు! నిలవడి చూసుడేంది, జర నీళ్లన్న తోడుండ్రి!" అని అరిచాను. (ఆ గొంతు ఎక్కడిదో నాకిప్పటికీ తెలియదు.) వాళ్లలో పెద్ద మీసాలాయన తుపాకీ గోడకు ఆనించి నిజంగానే బావి దగ్గరికి నడిచాడు. పరదా వెనక పెద్దవ్వ మూలుగుతూ, మధ్య మధ్య "గా మీసాలోని నోట్ల మన్నువడ!" అని తిట్టేది. నొప్పుల్లో ఆడవాళ్లు ఎవరినైనా తిడతారు కదా అని సర్దుకుని, వాళ్లు వెళ్లిపోయారు. మనవడు పెరటి దారిన జారుకున్నాడు. మేమిద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం.

మర్నాడు పొద్దున ఆ మీసాలాయనే మళ్లీ మా గుమ్మంలో! చేతిలో తుపాకీ లేదు, కళ్లలో నీళ్లున్నాయి. "బేటీ, మా ఇంటిదానికి నొప్పులొస్తున్నయి. మేమంటే భయంతోని ఏ మంత్రసానీ వస్తలేదు. నువ్వన్న రా."

నేను తలుపు సగం మూసి లోపలికి చూశాను. లోపలినుంచి పెద్దవ్వ, "పోవే! నొప్పులు పడేది వాడు గాదు, వాని పెండ్లాం" అంది.

ఆయన్ను వెంటబెట్టుకుని నేరుగా దవాఖానకు ఉరికి, నర్సమ్మ చెవిలో సంగతంతా చెప్పేశాను. ఆవిడ నా చెవి మెలిపెట్టి, అదే చేత్తో పెట్టె అందుకుంది. "నడువ్. చెప్పింది చెయ్యి, నోరు తెరువకు."

మీసాలాయన ఇంట్లో బిడ్డ పుట్టింది గాని ఏడవలేదు. నర్సమ్మ వీపు రుద్దుతోంది, తడుతోంది. చివరికి కెవ్వుమంది. దానికంటే గట్టిగా ఏడ్చింది నేను. నర్సమ్మ అద్దాల మీదుగా చూసి, "రేపటి సంది రా. ముందుగాల గీ ఏడుపు బంద్ జేసుడు నేర్పుత" అంది.

బయట మీసాలాయన నా నోట్లో చక్కెర పోసి, "నిన్న మీ ఇంట్ల ఏం పుట్టింది బేటీ?" అని అడిగాడు.

"ఆడపిల్లే. మస్తు నోరున్నది" అన్నాను.

కొన్నాళ్లకు సైన్యం వచ్చింది, ఆ తుపాకులు మాయమయ్యాయి. తర్వాత ఈ పట్నంలో ఎంతమందికి పురుడు పోశానో లెక్కే లేదు. ఇప్పుడు మాత్రం దవాఖాన వీధిలో చెప్పుల్లేకుండా, కొప్పు ఊడిపోయినా చూసుకోకుండా ఉరుకుతున్న ఆ పదిహేడేళ్ల పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా, ఒక్క క్షణం ఆపి కొప్పు ముడేసి పంపిద్దామనిపిస్తుంది. ఆగేదా ఏమన్నా!