పెండ్లిచూపుల్లో కండెన్సర్

ఎనిమిదో తరగతి నన్ను వదిలిందో, నేనే దాన్ని వదిలానో ఇప్పటికీ తేలలేదు గానీ, కొత్తకోటలో మోటర్ వైండింగు షాపులో చేరిన ఆ రోజుల్లో కరెంటు నా మాట వింటుందని గట్టి నమ్మకం నాకు. మా షాపులో ఒక పాడు సరదా ఉండేది. కండెన్సర్‌ను క్షణంసేపు కరెంటుకు తాకించి, "పట్టుకోరా" అని పక్కోడి మీదికి విసరడం. చూడ్డానికి ఉత్త డబ్బానే, కానీ తాగిన కరెంటును కడుపులో దాచుకుంటుంది. పట్టుకున్నోడు గంతేస్తాడు. ఒకరోజు పొద్దున మా బక్కోడి కోసం కొత్తదొకటి నింపిపెడితే, వాడు పనికే రాలేదు. దాన్ని బండి డిక్కీలో పడేసి, అమ్మను ఎక్కించుకొని బల్మూర్‌కు పెండ్లిచూపులకు పోయాను. (అంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ "పిలగానికి సదువు లేదు" అని తప్పిపోయాయి. ఇది కూడా పోతే ఇక సంబంధాలు చూసేది లేదని అమ్మ ఒట్టేసింది.)

మేము కూర్చున్నామో లేదో, పెరట్లో బోరు మోటర్ మూలిగింది, గోడమీద ఎంసీబీ స్విచ్చి టప్పున పడి మోటర్‌కు కరెంటు ఆగింది. పిల్ల తండ్రి గద్వాల చీర అంచు పేలిక తెచ్చి, ఎంసీబీ పుల్లను పైకెత్తి కట్టబోయాడు. "గిది ఊకె పడ్తది. గిట్ల గడ్తె సప్పుడు జెయ్యదు."

నాకు పూనకమొచ్చింది. "ఆగుండ్రి మామా. ఎంసీబీ అంటే వాకిట్ల కుక్క. కరెంటు ఎక్కువ గుంజితె మొరుగుతది. మీరు దాని మూతి గడ్తున్నరు. ఎంత గట్టినా లోపల అది పడుడు పడ్తనే ఉంటది."

"మరి మోటర్ ఎందుకు తిరుగుతలేదు?"

"దానంతటది లేవలేదు మామా. మొండికేసిన ఆటోను నూకినట్టు కండెన్సర్ నూకాలె. ఆ నూకెటోడు పోయిండు. గందుకే మూలుగుకుంట కరెంటంత గుంజుతుంది."

మామ ముఖం వెలిగింది. అమ్మ నన్ను కన్నందుకు మొదటిసారి గర్వంగా చుట్టూ చూసింది. ఇంకేముంది, ఉరికిపోయి డిక్కీలోంచి కండెన్సర్ తెచ్చి, మెయిన్ ఆపి, "కరెంటు బంద్, ఇగ ఏం గాదు" అని దాని రెండు వైర్ల కొసలూ వేళ్ళతో పట్టాను. బందయింది ఇంటి కరెంటు. బక్కోడి కరెంటు నా చేతిలోనే ఉంది.

నేను మంచం మీదికి, కండెన్సర్ మురుకుల పళ్ళెంలోకి. అమ్మ కళ్ళు మూసుకుంది. "దవాఖానకు పోదమా పిలగా?" అన్నాడు మామ.

అప్పుడు తలుపు చాటునుంచి పిల్ల బయటికొచ్చింది. "బంద్ జేసినంక ఎట్ల గొట్టింది?"

"దాచుకుంటది," అన్నాను, వేళ్ళు ఊదుకుంటూ.

"మీరు గిట్ల కోపం దాచుకోరు గదా?"

"నాకు దాచుకునుడు తెల్వదు. ఇప్పుడే సూస్తిరి గద, అందరి ముంగట ఖాళీ అయిన."

ఆమె నవ్వింది. కొంగుతో మూతి కప్పుకొని, ఆపుకోలేక మళ్ళీ నవ్వింది. మామ నా సదువు మాటెత్తకుండా అమ్మతో ముహూర్తం మాట మొదలుపెట్టాడు. కండెన్సర్ బిగించేసరికి మోటర్ గిర్రున తిరిగి నీళ్ళు దూకాయి.

ఇప్పుడు ఏ కండెన్సరైనా ముందు స్క్రూడ్రైవర్‌తో ఖాళీ చేసిగానీ ముట్టను. కానీ తలకు నూనె పెట్టుకొని, కాలర్ సర్దుకొని, డిక్కీ తెరుస్తున్న అప్పటి నాలోని పిలగాడు గుర్తొస్తే మాత్రం, వాణ్ని ఆపబుద్ధి కాదు. తగలనీ అనిపిస్తుంది.