జింకలకు నేర్పిన డబ్బా చప్పుడు

మా పెద్దబాపు, అంటే నాయినకు అన్న, పోయాడు. మా ఊరు కొడకండ్ల నుంచి మరిపెడ అంగడికి వచ్చిన బండాయన “మట్టి గూడ చేసిన్రు బిడ్డా” అని చెబితే తెలిసింది. దారిలో తుపాకుల జవాన్ల క్యాంపు ఉంది, ముందే కబురందినా నన్ను పోనిచ్చేవారు కాదు. నాయిన చచ్చిపోయాక నన్ను పెంచిన మనిషిని చివరిచూపు చూసుకోలేకపోయాను. ఈ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియడం లేదు.

ఆయన దొర వేటమైదానానికి కాపలాదారు. మైదానమంటే పచ్చగా ఊహించుకోకండి. ఇసుక, రాతిగుండ్లు, తుమ్మముళ్లు. పట్నం నుంచి వచ్చిన దొర చుట్టాలు ఎడారి అని ముక్కు విరిచేవారు. ఆ ఎడారిలోనే జింకల మంద బతికేది. వేట మాన్పించి, వాటిని చూపించి అతిథులను రప్పిద్దామని దొరను ఒప్పించింది పెద్దబాపే. “చంపితే ఒక్కపూట కూర, దొరా. చూపిస్తే ఏడాది పొడుగూత మోటర్లొస్తయి, ఊరోళ్లకు జర పని దొరుకుతది” అన్నాడట. దొర ముందు నోరు తెరవడమే గొప్ప ఆ రోజుల్లో.

జింకలేమో మోటరు చప్పుడుకే బెదిరేవి. అందుకని ఆయన సాయంత్రం తొట్టిలో నీళ్లు పోసి, దీపాలకు వాడే గ్యాసునూనె ఖాళీ డబ్బాను కట్టెతో కొట్టి, చాటుకు పోయేవాడు. రానురాను ఆ చప్పుడు వింటే చాలు, పక్కన మనుషులున్నా మంద వచ్చి నీళ్లు తాగేది. అతిథులు ముళ్లకంచె వెనక కూర్చుని మురిసిపోయేవారు. మా వాడకట్టు ఆడవాళ్లు వాళ్లకు వండిపెట్టి కూలి తెచ్చుకునేవారు. “మమ్ముల పిలిశెటందుకు గూడ డబ్బానే కొట్టరాదు” అని పెద్దమ్మ ఎగతాళి చేస్తే, ఆయన నిజంగానే చెంబు మీద వాయించి అన్నానికి పిలిచేవాడు.

దొరల మీద సంఘం లేచాక దొర పట్నం పారిపోయాడు. పెద్దబాపు సంతోషించాడు, దాచడమెందుకు. కానీ సంఘం వాళ్లను వెతుకుతూ వచ్చిన జవాన్లు అతిథుల బంగళాలో దిగారు. ఆయన డబ్బా కొట్టడం, మంద రావడం చూశారు. మరునాడు డబ్బా లాక్కుని వాళ్లే కొట్టారు. జింకలు ఎప్పటిలాగే వచ్చాయి. తుపాకులు పేలాయి.

ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. ఇంకో దిక్కున నీళ్లు పోద్దామన్నాను.

“ఏ దిక్కు పోస్తే ఏంది బిడ్డా, డబ్బా వాళ్ల చేతుల ఉండె. మనుషుల నమ్ముమని నేనే నేర్పిన. నేనే మరిపియ్యాలె. తరిమితే వాగు దాకనన్న పోతయేమో.”

ఆ వాగులో నీళ్లున్నాయో లేవో ఇద్దరికీ తెలియదు. నడి ఎండాకాలం. నీళ్లు పెడితే తూటా, పెట్టకపోతే దప్పిక. ఆ తర్వాత కొన్నాళ్లకే నన్ను మరిపెడ పంపేశాడు. వద్దన్నా వినలేదు. ఆయనను తలచుకుంటే, నన్ను పంపకముందటి ఒక్క సాయంత్రమే నాకు కళ్లలో మెదులుతుంది.

జవాన్లు ఊరి మీద సోదాకు పోయిన పూట, ఆయన గడ్డపారతో తొట్టి పగలగొట్టాడు. నీళ్లన్నీ ఇసుకలోకి ఇంకిపోయాయి. పొద్దుగూకే వేళకు, ఎవరూ పిలవకుండానే మంద వచ్చింది. ఆయన అరుస్తూ రాళ్లు రువ్వాడు. ఏడుస్తూ రువ్వాడు. మంద చెదిరి తుమ్మల్లోకి పరుగెత్తింది. ఒక చూడి జింక మాత్రం డొక్కకు రాయి తగిలినా కదలలేదు. ఆయన వైపు ఒకసారి చూసి, తల వంచి తడి ఇసుకను నాకసాగింది. పెద్దబాపు ఇంకో రాయి అందుకున్నాడు.