మాస్టారు ఒప్పుకోని గ్రహం

రెండు వారాల కిందట, మంగళవారం పొద్దున్న పలాసలో, మా జీడిపప్పు ఫ్యాక్టరీలో గుండు, బద్ద వేరుచేసే బల్లల దగ్గర ఉన్నాను. అమ్మగారు, అంటే మా మాస్టారి భార్య, ఫోన్ చేశారు. "మీ మాస్టారు ఎల్లిపోనారు, నాయినా" అన్నారు. ఏడవలేదు. ఇంకా ఇద్దరికి చెప్పాలని పెట్టేశారు. ఆయనకి అరవై నిండలేదు. మా ఉద్దానంలో అరవై దగ్గరికి రావడమే గొప్ప అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. దహనానికి వచ్చినవాళ్ళలో ముగ్గురు అదే మాట అన్నారు.

నందిగాం హైస్కూల్లో నాకు సైన్సు చెప్పింది ఆయనే. జబ్బు చేశాక ఉద్యోగం ముందే వదిలేసి, సముద్రం వైపు ఉన్న సొంతూళ్ళో కూర్చుని, ఆదివారాలు ఆన్‌లైన్‌లో వర్క్‌షాప్ పెట్టారు. సైన్స్ ఫిక్షన్, వింత లోకాల కథలు రాయడం నేర్పేవారు. హైదరాబాదు, బెంగళూరుల నుంచి పదిహేను మంది చేరారు. ఇక్కడివాణ్ణి నేనొక్కణ్ణే.

ఎవరు ఏ గ్రహం కథ చదివినా ఆయన ముందడిగేది ఒకటే. "ఆల్లక్కడ ఏటి తింతారు? దొడ్డికెక్కడికెల్తారు?" అందరూ నవ్వేవాళ్ళు. ఆయన నవ్వేవారు కాదు, జవాబు కోసం ఆగేవారు. జవాబు లేకపోతే కథ పక్కన పెట్టించేవారు. "కతకి ఒక్క అబద్దం సాలు. మిగిలిందంతా నిజవే ఉండాల" అని ప్రతి వారం చెప్పేవారు. నాకు రాయడం వచ్చిందంటే ఆ రెండు ప్రశ్నల వల్లే వచ్చింది. ఇది ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

ఒక వారం ఆయన డయాలసిస్ ఆదివారానికి మారింది. ఆస్పత్రి మంచం మీది నుంచే, వీడియో ఆపేసి, క్లాసు తీశారు. మధ్యమధ్యలో మిషను కూత వినపడుతోంది. "మాస్టారూ, సౌండ్ ఎఫెక్ట్ అదిరింది, స్పేస్‌షిప్పులో ఉన్నట్టుంది" అన్నాడొకడు. ఆయన జబ్బు సంగతి వాళ్ళకి తెలీదు, ఎవరూ అడగనూ లేదు. నాకు తెలుసు. తెలిసీ అందరితోపాటు చాట్‌లో నవ్వుబొమ్మ పెట్టాను. ఛీ, ఆ బొమ్మ గుర్తొస్తే నా వేలంటే నాకే అసహ్యమేస్తుంది.

ఇక నా కథ. మా వైపు మనుషులు కలిస్తే బాగున్నావా అనరు, "ఎంతొచ్చింది?" అంటారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ అంకె అన్నమాట. ఒకటి చిల్లర దాకా ఫర్వాలేదు, ఆపైన పెరిగిన కొద్దీ కిడ్నీలు పోతున్నట్టు. సంతకం పెట్టడం రాని ముసలమ్మలకి కూడా ఆ మాట వచ్చు. సంబంధాలకి జాతకం కంటే ముందు ఆ కాగితం చూస్తారు. బయటూళ్ళ చుట్టాలు పెళ్ళికొస్తే, మా నీళ్ళంటే భయంతో, సంచిలో సొంత నీళ్ళు తెచ్చుకుంటారు. దీన్నంతా ఎత్తుకెళ్ళి ఓ గ్రహం మీద పెట్టాను. దానికో పేరు పెట్టి, ఆకాశంలో రెండు చందమామల్ని వేలాడదీసి, క్లాసులో చదివాను.

"అబ్బ, ఏం ఊహండీ! అంకెతో పలకరింపా! ఈ ఐడియా ఎలా వచ్చింది మీకు?" అన్నారందరూ. వాళ్ళలో ఒకావిడ కథల సంకలనం వేస్తోంది. అందులో నా కథే మొదట అంది. "ఏదో అలా తట్టిందండీ" అన్నాను. అలా తట్టిందట! మా నాన్న రక్తపరీక్ష కాగితం అప్పటికీ బీరువాలోనే ఉంది.

క్లాసు అవగానే మాస్టారు ఫోన్ చేశారు. "ఒరే, ఇందల నువ్వు కల్పించిందేటి?"

"గ్రహం, మాస్టారూ."

"మరి మిగిలిందో? ఆల్లు మన బతుకు సూసి ఏం ఊహో అనీసి మెచ్చుకుంతంటే నువ్వు పల్లికిలించుకోని కూకున్నావు. నాకు రోత పుట్టిందిరా."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"వచ్చే వారం ఆల్లకి నిజవేటో నువ్వే సెప్పు. నాను సెప్పను" అన్నారు. గొంతు తగ్గించి మళ్ళీ అన్నారు. "ఊహ కావాలంటే ఇది రాయి. మనూల్లో నలుగురు ముసిలోల్లు ఎనబయ్యేల్లోల్లు అరుగు మీద కూకోని, జబ్బు మాట రాకండా, కొబ్బరిచెట్ల గట్టు కోసం దెబ్బలాడుకుంతన్నారనీసి రాయి. అదీ లేని లోకవంటే."

కూర్చున్నాను. రెండు లైన్లు రాలేదు. మా ఊళ్ళో ఎనభై ఏళ్ళ మగాడి గొంతు ఎలా ఉంటుందో నాకు తెలీదు.

తర్వాతి ఆదివారం క్లాసులో ఆయన నన్ను పేరు పెట్టి పిలిచి, "ఏటైనా సెప్తావా?" అన్నారు. సంకలనం ఆవిడ కూడా ఉంది. "ఏం లేదండీ" అన్నాను. "సరే" అని ఇంకొకరి కథ అందుకున్నారు. ఆ మంగళవారమే ఆయన పోయారు. నేను ఆయనతో ఆఖరున అన్న మాట "ఏం లేదండీ".

గ్రూపులో కబురు నేనే పెట్టాను. గంటలో ఒకడు ఆయన్ని నక్షత్రాన్ని చేశాడు, ఇంకొకడు పాలపుంత దాటించాడు. ఎలా పోయారని ఒక్కరూ అడగలేదు. దినకార్యం నాడు పందిట్లో కూర్చుని ఇక ఆపుకోలేక రాసేశాను. మాస్టారు కిడ్నీ జబ్బుతో పోయారు, నా కథలో గ్రహం, చందమామలు తప్ప ఏదీ కల్పన కాదు, ఆ పలకరింపు మాది, ఆ నీళ్ళ సీసాలు మా చుట్టాలవి, మాస్టారి ఆఖరి అంకె పద్నాలుగు, నా కథ సంకలనంలోంచి తీసేయండి అని.

సంకలనం ఆవిడ వెంటనే జవాబిచ్చింది. "ఏం ముగింపండీ! రచయితే వచ్చి ఒప్పుకోవడం! మాస్టారికి ఇంతకన్నా నివాళి లేదు. దీన్ని కథ చివర కలిపేద్దాం. ఆ అంకె ఒక్కటి కాస్త తగ్గించండి, పద్నాలుగంటే నమ్మబుద్ధి కాదు."

తగ్గించడానికేనమ్మా. దానికోసమే మా మాస్టారు వారానికి మూడుసార్లు, చంకలో దుప్పటి పెట్టుకుని, డయాలసిస్ సూదులకి ఉబ్బిన చెయ్యి బాగున్న చేత్తో పట్టుకుని, పలాస బస్సు ఎక్కేవారు.