రేకంత పల్చని గోడ

ఫిబ్రవరి మూడో మంగళవారం. పొద్దున్నే పెద్దమ్మ కూతురు, మా అక్క, ఫోన్ చేసింది. ఆ వేళప్పుడు అక్క ఫోన్ చెయ్యడమే వింత. పొయ్యి ముందు కూర్చునే వేళ అది, చేతులకు పిండి ఉంటుంది. "టిఫిన్ తిన్నావా?" అని అడిగింది. తిన్నానన్నాను. "అమ్మ పోయిందే," అంది. ఖాళీ కడుపుతో బస్సెక్కుతానేమోనని ముందు తిండి సంగతి అడిగిందట. పెద్దమ్మ పెంపకం అలాంటిది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. ఆత్రేయపురంలో పూతరేకులు తీసేది. పెళ్ళయి వచ్చిన ఏడాది అత్తగారి పక్కన కూర్చుని నేర్చుకుంది, మంచాన పడేదాకా వదల్లేదు. మీరు ఎప్పుడో ఏ పెళ్ళిలోనో తిన్నవాటిలో ఆవిడ చేతి రేకులు కూడా ఉండి ఉండొచ్చు.

బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను రెండు చేతులా పట్టుకుని వేడి కుండ మీద ఒక్కసారి పరిచి లాగాలి. రెప్ప వేసేలోగా పొర కడుతుంది. ఆ పొరే రేకు. ఈ పనికి గాలి శత్రువు. గాలి తగిలితే మంట ఒక పక్కకు వాలి రేకు ఒకచోట మాడుతుంది, ఇంకోచోట పచ్చిగా మిగులుతుంది. తీసి పెట్టినవి ఎగిరి చిరుగుతాయి. అందుకని కిటికీకి గోనెపట్టా కట్టి, తలుపు దగ్గరగా వేసుకుని కూర్చునేది. చిన్నప్పుడు సెలవులకి వెళ్ళి నేను ఆ తలుపు తోస్తే లోపల్నించి కేక వచ్చేది.

"ఎవత్తే అది? తలుపెయ్యి! నా రేకులన్నీ గోదాట్లో కలిపేత్తావా ఏంటి?"

పొగకి మా కళ్ళు మండి నీళ్ళు కారేవి. ఆవిడ కొంగుతో మా ముక్కులు తుడుస్తూ, "రేకు బతకాలంటే గాలాడకూడదే," అనేది. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ తప్పుగా తోచలేదు. ఆ వీధిలో అందరి తలుపులూ అలాగే ఉండేవి.

నేను రాజమండ్రిలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్నాను. ఈమధ్య నాకు మాటల పిచ్చి పట్టింది. ఇంగ్లీషులో చదివిన ప్రతిదాన్నీ తెలుగులో ఏమంటారో వెతుక్కుంటాను. పెద్దమ్మకు అదో సరదా. గడపలో అడుగు పెట్టగానే, "ఈసారి ఏం మాట తెచ్చావే?" అని అడిగేది. ఒకసారి 'శైలికలు' తీసుకెళ్ళాను. మన గాలిగొట్టం లోపల కంటికి కనిపించనంత సన్నటి నూగు ఉంటుందనీ, అది ఎప్పుడూ పైకి కదులుతూ దుమ్మునీ కఫాన్నీ గొంతు దాకా తోసేస్తుందనీ చెప్పాను.

"చీపుర్లన్నమాట," అంది. కాసేపు దగ్గింది. "మరైతే నావి అరిగిపోయినట్టున్నాయే తల్లీ. ఎంత ఊడ్చినా రావట్లేదు."

మేమిద్దరం నవ్వాం. అప్పటికే పెద్దమ్మ మెట్లెక్కితే ఆగి ఊపిరి తీసుకునేది.

తర్వాత మా ప్రాక్టికల్స్‌లో ఊపిరితిత్తుల స్లైడ్లు వచ్చాయి. మొదటిది ఆరోగ్యమైనది. మైక్రోస్కోపులో కన్ను పెట్టగానే గులాబీ రంగు అల్లిక కనబడింది. చిన్న చిన్న ఖాళీ గదులు, వాటి మధ్య ఉందా లేదా అనిపించే గోడలు. ఆ గదుల్ని వాయుగోణులు అంటారు. గోడకి ఒక పక్క గాలి, లోపల సన్నటి రక్తనాళాలు. ప్రాణవాయువు ఆ పల్చని గోడ దాటే రక్తంలోకి వెళ్ళాలి. పెద్దమ్మ రేకుని వెలుతురుకు ఎత్తి పట్టి చూసే తీరు గుర్తొచ్చింది. ఈ గోడ రేకుకన్నా ఎన్నో రెట్లు పల్చన.

రెండో స్లైడు ఏళ్ళ తరబడి పొగ పీల్చినవాళ్ళది. గోడలు చాలాచోట్ల తెగిపోయాయి. చిన్న గదులన్నీ కలిసిపోయి పెద్ద పెద్ద ఖాళీలయ్యాయి. దుమ్మును మింగే కణాలు మింగిన మసితో నల్లగా ఉన్నాయి. ఖాళీ ఎక్కువైతే గాలి ఎక్కువ పడుతుంది కదా అని అడిగాను. "గాలి పడుతుందమ్మా. దాటడానికి గోడ ఏది?" అన్నారు మా ల్యాబ్ మేడమ్ గారు.

ఆ ఆదివారం పెద్దమ్మ నన్ను మాట అడగలేదు. రాజమండ్రి డాక్టరు గారు ఆయాసం పొగ వల్లే అన్నారట. "ఆయన గబగబా చెప్పేశారే. నువ్వు చెప్పు," అంది. స్లైడ్ల సంగతి చెప్పాను.

"మందేస్తే ఆ గోడలు అతుక్కుంటాయా?"

"అతుక్కోవు పెద్దమ్మా."

"రేకూ అంతేలే. చిరిగింది చిరిగిందే." పక్కగదిలో పొయ్యి ముందు అక్క దగ్గుతోంది. పెద్దమ్మ అటు చెవి పెట్టింది. "నా సంగతొదిలెయ్. దాన్ని తీసుకెళ్ళి చూపించు. దానివింకా చిరగలేదేమో."

అక్క వినలేదు. పెళ్ళి ఆర్డర్లున్నాయంది. తర్వాత చూద్దామంది.

చివరి రోజుల గురించి రాయడం కష్టంగా ఉంది. ముందుగదిలో ఆక్సిజన్ మిషను పెట్టారు. దాని దగ్గర మంట ఉండకూడదు కాబట్టి కుండని పెరటి పాకలోకి మార్చారు. ఆ పాకకి కూడా నాలుగు వైపులా పట్టాలే కట్టారు. పెద్దమ్మ పడుకుంటే ఊపిరి అందేది కాదు. ఒళ్ళో దిండు పెట్టుకుని దానిమీద మోచేతులాన్చి, కూర్చునే కునికేది. రెండు మాటలు మాట్లాడి ఆగేది. అన్నం ముద్ద మింగడానికీ ఊపిరి కూడదీసుకునేది. గాలి నిండిన గదిలో మనిషి నీళ్ళలో మునిగినట్టు కొట్టుకోవడం చూశాను. ఆ స్థితిలోనూ ఓరోజు పాక నుంచి వాసన పసిగట్టి, "మంట... ఎక్కువైంది. ఆకు... లాగెయ్యి," అంది. అక్క ఆకు లాగేసింది. మళ్ళీ దగ్గింది. పెద్దమ్మ నా వైపు చూసింది.

నిన్నటితో దినకార్యం అయిపోయింది. ఈ సాయంత్రం అక్క పాక ఊడుస్తుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఏంటే, మేడమ్ గారిలా చూత్తన్నావు?"

"నాతో రా అక్కా. ఊపిరి ఎలా ఉందో చూడ్డానికి గొట్టంలోకి ఊదిస్తారు. అంతే."

"నాకేమైందని? చుట్టలు కాల్చానా, బీడీలు కాల్చానా?"

"పెద్దమ్మ కాల్చిందా?"

అక్క చీపురు ఆపింది. కోపం వచ్చిందనుకున్నాను. ఏదో అనబోయి దగ్గు తెర వచ్చి పాక గుంజ పట్టుకుంది. నేను వీపు నిమిరాను. దగ్గు తగ్గాక కూడా చాలాసేపు ఆ గుంజ వదల్లేదు.

"నన్ను చూపించమని అమ్మ నీకు కూడా చెప్పిందా?" అని అడిగింది.

"చెప్పింది."

"నాకు రోజూ చెప్పేదే. ఊపిరాడనప్పుడు కూడా అదే చెప్పేది."

రేకులకి బియ్యం ముందురోజే నానెయ్యాలి. దీపాలు పెట్టే వేళ అక్క బియ్యం డబ్బా మూత తీసింది. సోల చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడి, మళ్ళీ మూత పెట్టేసింది. నానబోసే గిన్నె కడిగి గట్టు మీద బోర్లించింది.

"బస్సెన్నింటికే?" అంది, నా వైపు తిరక్కుండానే.

రేపు పొద్దున మొదటి బస్సుకి బొబ్బర్లంక మీదుగా ఇద్దరం రాజమండ్రి వెళ్తున్నాం.