హార్మోను సీసాకు గుప్పెడు ఐసు

డెబ్బైల్లో ఒక ఎండాకాలం మధ్యాహ్నం నాంపల్లి స్టేషన్ వెయిటింగ్ రూములో నా పక్కన ఒకావిడ కూర్చుంది. ఒళ్లో ఫ్లాస్కు, అందులో మూత బిగించిన చిన్న మందు సీసా. మన ఒంట్లో ఊరే ఒక హార్మోనును పోలిన మందట అది, విదేశంలో కృత్రిమంగా తయారుచేశారట. దాన్ని ఎలుకల మీద పరీక్షించడం ఆవిడ ఉద్యోగం. "ఏడాది ఎదురుచూస్తే వచ్చిందండీ. వేడి తగిలితే ఇక పనికిరాదు," అంది. మొజంజాహీ మార్కెట్లో ఫ్లాస్కులోకి వేయించుకున్న ఐసు, బండి ఆలస్యమయ్యేసరికి కరిగి నీళ్లయిపోయింది.

ఎదురుగా ఎవరో పెద్ద అధికారి. ఆయన సోడా సీసాలు బకెట్ నిండా ఐసులో ఉన్నాయి. ఆవిడ వెళ్లి గుప్పెడు ఐసు అడిగింది.

"గా ఐసు సాబ్ కోసం తెచ్చినమమ్మా, ఇయ్యరాదు," అన్నాడు ఆయన బంట్రోతు.

ఎలుకల మీద పరీక్షించాల్సిన మందని ఆవిడ చెప్పబోతే అధికారి నవ్వాడు. "ఎలుకల మందుకు ఐస్ ఏందమ్మా? జర మా సోడా చల్లగుండనీ."

నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోగా ఆవిడ ఫ్లాస్కు మూత తీసి, బకెట్లో చెయ్యి పెట్టి, ఐసు నింపుకోసాగింది. బంట్రోతు ఫ్లాస్కు లాక్కోబోయాడు. నేను అడ్డంగా నిలబడి, "చెయ్యి వేశావంటే ఊరుకోను!" అని అరిచాను.

"ఇదేం జబర్దస్తీ?" అన్నాడు అధికారి.

"ముందు అడిగాను కదండీ," అంది ఆవిడ మూత బిగిస్తూ.

ఆ పరిశోధన ఏమైందో నాకు తెలియదు, ఆవిడ పేరూ అడగలేదు. కానీ ఆ తర్వాత ఏ ఆఫీసులోనూ, న్యాయంగా నాకు రావలసినదాని కోసం నేను రెండోసారి బతిమాలలేదు.